ఊఁ కొట్టే మనిషి

అమ్మగారు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వినబడితే చాలు, ఆయాకి గుండెల్లో రాయి పడేది. దేశంకాని దేశంలో దిగి వారం కాలేదు గానీ, ఆ చప్పుడు మాత్రం ఆమెకు బాగా ఒంటబట్టింది. అమ్మగారు బయటికి వెళ్తే అమ్మగారి ఫోను వెళ్తుంది. ఫోను వెళ్తే దాంతోపాటు నెట్టు వెళ్తుంది. నెట్టు వెళ్తే, ఎక్కడో సముద్రాలకవతల పక్కమీద బోర్లా పడుకుని కబుర్లు చెబుతున్న కూతురి గొంతు ఠక్కున ఆగిపోతుంది.

ఈ ఏర్పాటు ఎవరూ చెడ్డబుద్ధితో చేసింది కాదు. విమానం దిగగానే అద్దాల గోడలున్న కొట్లో సారు తనకీ అమ్మగారికీ కొత్త సిమ్ములు వేయించుకున్నారు. ఆయా కూడా తన ఫోను సంచిలోంచి సగం బయటికి తీసి నిలబడింది. "నీకెందుకు వేరే సిమ్ము? ఎలాగూ రోజంతా మా వెంటే ఉంటావుగా. నా ఫోను నుంచి నెట్టు ఇస్తాలే," అన్నారు అమ్మగారు. ఆయా తలూపి ఫోను మళ్ళీ సంచిలో పడేసింది. నువ్వు మా వెంట ఉంటావన్నారే గానీ, మేం నీ వెంట ఉంటామని వాళ్ళెవరూ మాటివ్వలేదు. ఆ తేడా తెలియడానికి ఆమెకు ఒక్కరోజు పట్టింది.

అద్దెకు తీసుకున్న ఆ ఇంట్లో నెట్టు పెట్టె లేకపోలేదు. కాకపోతే ఇంటివాళ్ళు పిసినారులు, మొదట కలిపిన రెండు పరికరాలకు తప్ప మరి దేనికీ పనిచేయకుండా కట్టడి చేసి ఇచ్చారు. ఒకటి సారు ల్యాప్‌టాప్. రెండోది, పాటలు కనబడితే తప్ప ముద్ద మింగని బుడ్డోడి టాబ్. బుడ్డోడికి ఇంకా ఏడాది నిండలేదు గానీ, వాడి పాటల తర్వాతే ఎవరి పనైనా.

ఆయాకి మాత్రం రోజు మొత్తంలో కావలసింది ఒక్క వేళ. ఇక్కడ బుడ్డోడు మధ్యాహ్నం పాలు తాగి కునుకు తీసే వేళకి, అక్కడ పిల్ల రాత్రి అన్నం తిని పక్కమీదకి చేరుతుంది. తండ్రి లారీ మీద ఎప్పుడు ఏ ఊళ్ళో ఉంటాడో ఆయనకే తెలియదు కాబట్టి, ఆయా తిరిగొచ్చేదాకా పిల్లని ఆడపడుచు ఇంట్లో వదిలింది. మూడో తరగతి పిల్ల. నిద్ర లేచింది మొదలు నోరు మూయదు కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని వసపిట్ట అంటారు.

వసపిట్ట కబుర్లకు ఒక పద్ధతి ఉంది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ కదలదు. పోనీ ఏదో ఒక ఊఁ పడేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. భయం దగ్గర ఒక ఊఁ, నవ్వు దగ్గర ఒక ఊఁ, 'అమ్మో!' అనాల్సినచోట నోరు తెరిచే ఊఁ. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయా అంట్లు తోముతూ, బట్టలు జాడిస్తూ, ఏ ఊఁ ఎక్కడ పడాలో అక్కడ పడేసేది. ఇక్కడికి వచ్చాక ఆ నేర్పంతా గంగలో కలిసింది. ఆమె ఊఁ ఇక్కడ బయల్దేరి అక్కడికి చేరేసరికి పిల్ల ఇంకో మాటలోకి వెళ్ళిపోతోంది.

"టీచరు కుర్చీలోంచి పడిపోయింది అన్నప్పుడు ఊఁ అనవేంటమ్మా?"

"అన్నానే!"

"ఇప్పుడంటున్నావు. టీచరు లేచి చీర కూడా దులుపుకుంది."

ఆయా పకపకా నవ్వింది. ఆ నవ్వు కూడా ఆలస్యంగానే చేరి ఉంటుంది.

ఆ రోజు వంటగదిలో పాలసీసాలు కడుగుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. సీసా అడుగున పట్టిన తెల్లటి జిడ్డు సన్నటి బ్రష్షుతో గీకి, రబ్బరు ముక్కలు విడదీసి, మరిగే నీళ్ళలో వేసి, చిమటాతో ఒక్కొక్కటే తీసి తువ్వాలు మీద బోర్లిస్తోంది. అటునుంచి వసపిట్ట ఎప్పటిలా గలగలమనడం లేదు. గొంతు బాగా తగ్గించింది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి. తిట్టకూడదు."

"తిట్టను."

"ఒట్టేనా?"

"నీ మీదొట్టు. చెప్పు తల్లీ."

"పక్కన ఎవరూ లేరుగా?"

"నేనూ పాలసీసాలూ తప్ప ఎవరూ లేరే."

"మరి... మొన్న పడుకున్నప్పుడు ఏమైందంటే..."

చెప్పుల చప్పుడు. ఆయా చిమటా అక్కడే పడేసి పరిగెత్తింది. అప్పటికే అమ్మగారు తలుపు తీసి వసారాలో ఉన్నారు. "కిందికెళ్ళి వస్తా, తలుపేసుకో. వాడు లేస్తే నీళ్ళు పట్టు," అన్నారు. లిఫ్టు టింగుమంది. చెవి దగ్గర పిల్ల మాట ఒకసారి సాగి, ముక్కలై, ఆగిపోయింది. ఫోను మీద చిన్న చక్రం గిరగిరా తిరుగుతోంది. ఆయా ఉత్తకాళ్ళతో వసారా చివరిదాకా వెళ్ళి ఫోను పైకెత్తి పట్టుకుంది. లోపల పసివాణ్ణి ఒంటరిగా వదిలి దిగిపోలేదు కదా. వెనక్కి వచ్చి తలుపేసుకుంది.

మర్నాడు అదే వేళకి అమ్మగారు తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. అదృష్టం బాగుంది, చెప్పులు ఇప్పట్లో తొడగరు అనుకుని ఆయా గబగబా ఫోను కలిపింది.

"నిన్న ఏదో చెబుతున్నావు, చెప్పమ్మా."

"చెప్పేశాగా."

"నాకు వినబడలేదే. నెట్టు పోయింది."

అటువైపు ఏమీ వినబడలేదు. ఈసారి తప్పు నెట్టుది కాదు. కాసేపటికి పిల్ల అంది. "నేనంతా చెప్పా. నువ్వు ఊఁ అనలేదు. అమ్మా అని పిలిచా. వినబడలేదేమోనని మళ్ళీ మొదట్నుంచి చెప్పా. అప్పుడూ ఊఁ అనలేదు. కోపమొచ్చి ఊరుకున్నావనుకున్నా."

"కోపం కాదే పిచ్చిదానా! ఫోను పనిచేయలేదు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు నేనున్నాగా."

"చెప్పను. రెండుసార్లు చెప్పా."

ఆ తర్వాత ఎంత బతిమాలినా వసపిట్ట నోరు విప్పలేదు. ఫోను అత్త చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆడపడుచు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను టకటకలోంచి ఆమె గొంతు వచ్చింది. "ఏం లేదు వదినా, బాగానే ఉంది. తింటోంది, బడికెళ్తోంది. నువ్వేం బెంగపెట్టుకోకు." ఏం లేదన్న మాట అడగకముందే వచ్చేసింది. ఆయాకి అదే నచ్చలేదు.

ఆ సాయంత్రమంతా ఆమె చేతులు పనిచేస్తున్నాయి, మనసు మాత్రం అక్కడే తిరుగుతోంది. ఎవరైనా కొట్టారా? ఏదైనా పగలగొట్టిందా? ఎవరైనా ఏమైనా అన్నారా? పక్కన ఎవరూ లేరుగా అని ఎందుకడిగింది? బుడ్డోడి లాల్చీ తిరగేసి తొడిగి, మళ్ళీ విప్పి తొడిగింది. వాడు అది ఆట అనుకుని కిలకిలా నవ్వాడు.

పొద్దున అమ్మగారు కాఫీ తాగుతుంటే దగ్గరికెళ్ళి నిలబడింది. "అమ్మగారూ, ఇవాళ మధ్యాహ్నం... బాబు పడుకునే వేళకి... కాస్త ఇంట్లోనే ఉంటారా?"

అమ్మగారు కప్పు దించారు. "నన్నా? ఇంట్లో ఉండమనా?"

ఎంత మాట అనేసిందో ఆయాకి అప్పుడు తెలిసింది. పనిమనిషి యజమానురాలిని గడప దాటొద్దన్నట్టయింది. "అంటే, మా పిల్లతో ఒక్క మాట..."

అమ్మగారు నవ్వేశారు. కోపం రాలేదు, అంతవరకు మేలే. "ఈ కొంపలో కూర్చుంటే నాకు గోడలు మీద పడ్డట్టుంటోంది. ఆయన పొద్దున వెళ్తే ఎప్పుడొస్తారో తెలీదు. పోనీ, నువ్వే నాతో రా. వాణ్ణి బండిలో పడుకోబెడితే అక్కడైనా పడుకుంటాడు. నువ్వు మాట్లాడుకుంటూ నా వెనకాలే నడువు."

అలాగే నడిచింది. అదొక పెద్ద అంగడి. నాలుగు అంతస్తులు, అన్నీ అద్దాలే. ముందు అమ్మగారు, భుజానికి సంచి, సంచిలో ఫోను. వెనకాల బాబు బండి తోసుకుంటూ ఆయా. అమ్మగారు గాజుల దగ్గర ఆగితే తనూ ఆగింది. చీటీలు తిప్పి ధరలు చూసి పెదవి విరిస్తే తనూ పక్కకి చూసింది. కొంచెం వెనకబడితే చెవిలో పిల్ల గొంతు గరగరమంటోంది. మళ్ళీ నాలుగడుగులు గబగబా వేస్తే బాగుపడుతోంది. నూతిలోకి వదిలిన చేంతాడు చివర పట్టుకున్నట్టుంది ఆమె అవస్థ.

ఈసారి ఆయా తెలివిగా మొదలుపెట్టింది. ఆ సంగతి ఎత్తలేదు. ఏం తిన్నావు, ఏం చదివావు అంటూ చుట్టూ తిరిగింది. వసపిట్ట ముభావంగా మొదలై, నెమ్మదిగా కరిగింది. ఊఁ ఆలస్యమైనా సర్దుకుపోయింది.

"అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఎప్పుడైనా..."

"ఊఁ."

"నాలాగే పెద్దయ్యాక కూడా... మీ ఇంట్లో కాదు, వేరే వాళ్ళింట్లో పడుకున్నప్పుడు..."

ఆయా తలెత్తేసరికి అమ్మగారు కదిలే మెట్ల మీద ఉన్నారు. సంచితో సహా పైకి వెళ్ళిపోతున్నారు. ఆయా బండిని మెట్ల దాకా తోసింది. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టి, గోడ మీద బొమ్మ చూపించాడు. బాబు బండి బొమ్మ, దాని మీద ఎర్రగీత. లిఫ్టు ఎక్కడో అటు చివర ఉందని వేలు చూపించాడు.

"ఒక్క క్షణం ఆగు తల్లీ, చెప్పకు, ఇప్పుడే చెప్పకు!" అని అరుస్తూ బండి తోసుకుని పరిగెత్తింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. లిఫ్టు దగ్గర అంతకుముందే ఇంకో రెండు బండ్లున్నాయి. కుదుపులకు లేచిన బుడ్డోడు రాగం అందుకున్నాడు. చెవిలో చక్రం తిరుగుతున్న నిశ్శబ్దం.

పైన అమ్మగారు కనబడేసరికి ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొట్టుకొట్టూ వెతుకుతున్నారు. బుడ్డోణ్ణి లాక్కుని గుండెకు హత్తుకున్నారు. "పిల్లాణ్ణి పెట్టుకుని ఎక్కడికి పోయావు? ఎన్నిసార్లు చేశాను నీకు! కలవదే! ప్రాణాలు పోయాయి నాకు!"

కలవదు మరి. కలవడానికి కావలసింది అమ్మగారి సంచిలోనే ఉంది. ఆయాకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తప్పు తనది కాదని ఆమెకి తెలుసు. అమ్మగారి భయం దొంగది కాదనీ తెలుసు. తను కూడా ఒక పిల్ల తల్లే.

"ఫోను చెవిన పెట్టుకుంటే నీకు ఒళ్ళు తెలీడం లేదు," అని అక్కడే నిలబడి అమ్మగారు తన ఫోనులో ఏదో నొక్కారు. "ఇక్కడున్నన్నాళ్ళూ ఇంక ఆ ఫోను ముట్టుకోకు."

తర్వాత రెండు రోజులు ఆయా ముట్టుకోలేదు. ముట్టుకున్నా చేసేదేముంది? టైము చూపించే గడియారం, అంతే. మధ్యాహ్నం బుడ్డోడు పడుకోగానే అలవాటుగా చెయ్యి దానిమీదకి పోయేది. వెనక్కి తీసుకుని, ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టేది. వేరే వాళ్ళింట్లో పడుకున్నప్పుడు. ఆ ముక్క ఒక్కటే బుర్రలో గిర్రున తిరుగుతోంది. ఏమైనా అడగడానికి ఈ దేశంలో ఆమె భాష తెలిసిన నోళ్ళు రెండే. అందులో ఒకటి రోజంతా బయటే ఉంటుంది, రెండోది కోపంగా ఉంది. ఇంతమంది జనంలో ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మూడోనాడు పొద్దుట్నుంచి ముసురు పట్టింది. అమ్మగారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సారుకి ఫోను చేశారు. ఎత్తలేదు. కాసేపాగి చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఈసారి ఫోను కుయ్యిమంది. అమ్మగారు చూసి, ఒళ్ళో బోర్లించారు.

"మీటింగట," అన్నారు, ఎవరితోనన్నది తెలియకుండా.

ఆయా బుడ్డోడి చేత ముద్దలు మింగిస్తోంది. గదిలో టాబ్ పాట తప్ప చప్పుడు లేదు. మాట్లాడకుండా ఉండటం అమ్మగారికీ చేతకానిపనే. ఇటు తిరిగి అడిగారు.

"మీ పిల్ల ఎలా ఉంది?"

"తెలీదమ్మా."

"అదేంటి, తెలీకపోవడమేంటి?"

"నెట్టు లేదుగా అమ్మగారూ."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. బాబు మూతి తుడుస్తూ, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అమ్మగారి చెయ్యి ఒళ్ళో ఫోను మీద ఆగిపోయింది. "ఆ రోజు అంతలా ఏం మాట్లాడుతున్నావు దాంతో?" అన్నారు.

ఆయా చెప్పింది. పిల్ల ఒట్టు వేయించుకోవడం, చెప్పబోవడం, ఊఁ వినబడక మళ్ళీ మొదట్నుంచి చెప్పడం, ఇప్పుడు చెప్పనని మొండికేయడం.

"మొదటిసారి ఎప్పుడు పోయింది? నేను కిందికెళ్ళానే, అప్పుడా?"

"అప్పుడేనమ్మా."

"ఊరికే వెళ్ళాను," అన్నారు అమ్మగారు. "కింద పనేం లేదు. వీధి చివరిదాకా నడిచి వచ్చేశాను." లేచి వచ్చి బుడ్డోణ్ణి మూతి కడగకుండానే ఎత్తుకున్నారు. మంచి చీరకి అన్నం అంటినా చూసుకోలేదు. తన ఫోనులో మళ్ళీ ఏదో నొక్కి, తెచ్చి బల్ల మీద ఆయా ముందు పెట్టారు. "వీణ్ణి నేను పడుకోబెడతా. నువ్వు మాట్లాడుకో. ఎంతసేపైనా సరే. ఇవాళ నేను ఈ సోఫా దిగను."

ఆయా చేతులు తుడుచుకుని తన ఫోను తీసింది. కలిపింది. ఒక్క గరగర లేదు. పక్కగదిలోంచి మాట్లాడినంత తేటగా ఆడపడుచు గొంతు పలికింది. మిషను చప్పుడు లేదు.

"ఉండు వదినా, బయటికొస్తా." తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. "దాని ముందు చెప్పలేక ఇన్నాళ్ళూ ఊరుకున్నా. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి పక్క తడిపేస్తోంది. మొదటిరోజు నేనూ గుడ్లురిమా, అబద్ధమెందుకు. దుప్పట్లు ఆరేస్తుంటే పక్కింటి పిల్లలు నవ్వారట. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నీకు చెబుతానని ఫోను పట్టుకుని దుప్పట్లో దూరింది. నువ్వేమన్నావో ఏమో, ఏడుస్తూ బయటికొచ్చింది."

"నేనేమీ అనలేదు. అసలు లేనమ్మా నేను. నాకు వినబడలేదు."

"అదీ సంగతీ! సరేలే, మొన్న నువ్వు మళ్ళీ చెయ్యకపోయేసరికి నా పక్కలో చేరింది. మొత్తం కక్కేసింది. నీళ్ళు తక్కువ తాగించి, మధ్యలో ఒకసారి లేపుతున్నా. నిన్న తడపలేదు. నేను చెప్పానని మాత్రం అనకు, నన్ను నమ్మడం మానేస్తుంది."

ఆయా కళ్ళు తుడుచుకుంది. ఇంతేనా! ఇన్నాళ్ళూ ఎన్ని ఊహించుకుంది! గుండె మీంచి బరువు దిగింది. దిగిన చోట ఏదో ఖాళీ అయింది. "దానికోసారి ఇవ్వమ్మా," అంది.

"అమ్మా!" వసపిట్ట పాత వసపిట్టే. "ఇన్ని రోజులు చెయ్యలేదేంటి?"

"కుదరలేదే. ఇప్పుడు మాత్రం ఎంతసేపైనా వింటా. ఆ రోజు ఏదో చెప్పాలన్నావుగా?"

"అదా? అది అయిపోయిందమ్మా."

"నాకు చెప్పవా?"

"అత్తకి చెప్పేశాగా." పిల్ల గొంతులో కోపం లేదు. అలక కూడా లేదు. "అమ్మా, రేపు మాట్లాడనా? అత్తకి కథ చెబుతున్నా, సగంలో ఉంది."

"నాకూ చెప్పవే. వింటా."

"నీకు మొదట్నుంచి చెప్పాలి. అది చాలా పెద్దది. రేపు చెబుతాలే."

"సరే తల్లీ. వెళ్ళు."

పిల్ల ఫోను కట్టేయకుండానే మంచం మీద విసిరేసింది. మంచం కిర్రుమంది. అత్త పక్కన చేరిన చప్పుడు. "ఎక్కడున్నాం అత్తా?" "ఏనుగు తలుపులో ఇరుక్కుంది." "ఆఁ! అప్పుడేమో ఏనుగు అంది..." ఆడపడుచు ఊఁ కొట్టింది. సరిగ్గా పడాల్సినచోట పడింది. ఏనుగు ఏడ్చినచోట మెత్తగా, తలుపు విరిగినచోట నోరు తెరిచి. ఈ మనిషికి ఇది ఎప్పుడు చేతనయింది? ఆయాకి ఆడపడుచు మీద అంతులేని కృతజ్ఞత కలిగింది. దాని వెనకాలే అసూయ కూడా కలిగింది. అమ్మగారి చూపు బుడ్డోడి మీదే ఉంది గనక రెండోది దాచుకోలేదు. ఏనుగు బయటపడకముందే, "అయ్యో, ఫోను ఇంకా ఆన్లోనే ఉందే, చార్జింగు పోతుంది," అని అటువైపు ఎవరో కట్టేశారు.

"ఏమైంది? పోయిందా?" సోఫాలోంచి అమ్మగారు గొంతు తగ్గించి అడిగారు. భుజం మీద బుడ్డోడు నిద్రపోయాడు. కదిలితే లేస్తాడని ఆవిడ మెడ ఒక పక్కకి వంచుకుని, బిగుసుకుని కూర్చున్నారు. "నేనెక్కడికీ వెళ్ళలేదే! నా ఫోను అక్కడే ఉంది కదా? చూడు, సిగ్నలుందా?"

ఆ కంగారు చూసి ఆయాకి నిజం చెప్పడానికి మనసొప్పలేదు. పిల్లకి తీరిక లేదట అని ఏ ముఖంతో చెబుతుంది?

"ఉందమ్మా. బాగా వినబడుతోంది."

"మరి మాట్లాడు. నా గురించి చూడకు."

ఆయా ఫోను చెవికి ఆనించి కిటికీ వైపు తిరిగింది. ఏం మాట్లాడాలో తోచలేదు. పుట్టినప్పట్నుంచీ ఆ పిల్ల చెబితే ఈమె వినడమే గానీ, తను చెప్పింది ఎన్నడూ లేదు. "ఆఁ... ఇక్కడ వానే," అంది. "పొద్దుట్నుంచీ వదలడం లేదు. బుడ్డోడికి కింద పన్ను వస్తోంది, ఏది దొరికితే అది కొరుకుతున్నాడు. ఇక్కడ కదిలే మెట్లుంటాయే. మనం నిలబడితే చాలు, అవే తీసుకెళ్తాయి. బండ్లని మాత్రం ఎక్కనివ్వరు. నేను ఆ పొడుగునా పరిగెత్తానే. అందరూ నన్నే చూశారు."

కిటికీ అద్దం మీది ఆవిరి వేలితో తుడిచింది. మళ్ళీ అంది. "నాకూ ఇక్కడ నిద్ర పట్టడం లేదు. కొత్తచోటు కదా. ఎవరితోనన్నా చెబుదామంటే ఎవరున్నారు? నాకు చాలా బెంగగా ఉందే."

ఆ మాట బయటికి వచ్చాక, అది ఎన్ని రోజుల్నుంచి లోపల ఉందో ఆమెకే తెలిసింది. సోఫాలో బుడ్డోడు కదిలి కుయ్యిమన్నాడు.

"ఉంటాను మరి. బాబు లేచాడు, పాలు కలపాలి," అని అటువైపు ఎవరూ లేని ఫోనుకి చెప్పి, అమ్మగారి ఫోను పక్కనే దాన్ని కూడా బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.